450 పౌండ్ల కీబోర్డు, మా ఇంట్లో గొడవ

నైట్ షిఫ్ట్ దిగొచ్చి, టీ పెట్టుకుని కూర్చుని రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే. బ్రేకులో సగం, బస్సులో సగం చదువుకోండి.

పోయిన నెల మా ఇంట్లో పెద్ద గొడవైంది. కోవెంట్రీలో బాల్ హిల్ దగ్గర ఒక పాత ఇంట్లో ఐదుగురం ఉంటాం. ఇద్దరు వేర్‌హౌస్, ఇద్దరు కేర్ హోమ్, ఒకడు ఫుడ్ డెలివరీ. మామూలుగా మా గొడవలు గ్యాస్ బిల్లు మీద, ఫ్రిజ్‌లో పెరుగు ఎవడు తిన్నాడన్న దాని మీద. ఈసారి గొడవ ఒక కీబోర్డు మీద.

మాలో అందరికంటే చిన్నోడిది ఒంగోలు వైపు. ఊళ్లో ఉన్నప్పుడు ఆదివారం చర్చిలో, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. ఇక్కడికొచ్చి రెండేళ్లు దాటింది, కీబోర్డు మీద వేలు పెట్టింది లేదు. ఒక రోజు సాయంత్రం దుప్పటి చుట్టిన బరువైన వస్తువొకటి మోసుకుంటూ బస్సు దిగాడు. విప్పి చూస్తే యమహా డీఎక్స్7. 1983లో మార్కెట్లోకి వచ్చిన సింథసైజర్. అంటే వాడికంటే పెద్దది. ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేశాడంట. 450 పౌండ్లు.

ఆ డబ్బు ఇంటికి పంపాల్సింది. వీసాకీ ఏజెంటుకీ వాళ్ల నాన్న తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు, నెలనెలా వడ్డీ పోతోంది. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఎందుకంటే మా అందరి కథా అదే. దాంతో నలుగురం కలిసి ఎక్కేశాం. పైగా ఆన్ చేస్తే శబ్దమే రాలేదు.

"ఏరా, పాడైపోయిందాన్ని అంటగట్టాడా నీకు?"

"పాడవలేదన్నా. దీనికి స్పీకర్లుండవు. ఆంప్‌కి కలపాలి, లేకపోతే హెడ్‌ఫోన్సు పెట్టుకోవాలి."

"అంటే ఇంకో వంద ఖర్చా? అసలు నువ్వు ఇక్కడికొచ్చింది పని చెయ్యడానికా, పాటలు కట్టడానికా?"

"పని చేస్తూనే ఉన్నాగా అన్నా," అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా దాన్ని మెట్ల మీదుగా పైకి మోసుకుపోయాడు.

ఆ మాట అన్నది మేమే. ఇప్పుడు దాని గురించే రాస్తున్నాం. మేమన్న దాంట్లో సగం ఒప్పు ఉంది, సగం తప్పు ఉంది. ఈ రెండు సగాలూ విడదీయడానికి మాకు నెల పట్టింది.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పాత సింథసైజర్ల మీద ఈ బెంగ వాడొక్కడికే కాదు. వాడు హెడ్‌ఫోన్సు మా చెవులకు పెట్టి, ఒక ఎలక్ట్రిక్ పియానో శబ్దం వినిపించాడు. గంట కొట్టినట్టు మొదలై, గాజు మీద వేలితో తట్టినట్టు కరిగిపోయే శబ్దం. మాలో ఒక్కడికి కూడా దాని పేరు తెలీదు, అయినా అందరికీ తెలిసిన శబ్దమే. ప్రైవేటు బస్సులో డ్రైవరు వేసే పాటల్లో ఉంది. అక్క పెళ్లి వీడియో క్యాసెట్టులో వెనక వచ్చే సంగీతంలో ఉంది. ఖమ్మం అన్న కాసేపు విని, హెడ్‌ఫోన్సు తీసి, "మా బావ సెలూన్ గుర్తొచ్చిందిరా" అని బయటికెళ్లిపోయాడు. పుట్టకముందే వచ్చిన యంత్రం మీద మనకెందుకు బెంగ అంటే ఇదే కారణం. అది యంత్రం మీద బెంగ కాదు. మన ఊరి శబ్దం ఆ పెట్టెలోంచి వస్తోంది, అంతే.

ఆ శబ్దం ఎలా పుడుతుందో కూడా వాడే చెప్పాడు. వీణ మీద తీగను లాగి ఊపితే గమకం వస్తుంది కదా. ఆ ఊపు సెకనుకు ఐదారుసార్లు అయితే మన చెవికి ఊపులాగే తెలుస్తుంది. అదే ఊపును సెకనుకు వందలసార్లకు పెంచుకుంటూ పోతే, ఇక ఊపు వినిపించదు, స్వరం రంగే మారిపోయి కొత్త నాదం పుడుతుంది. 1967లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు కంప్యూటరు మీద ఇలాగే ఊపు పెంచుతూ పోయి దీన్ని పట్టుకున్నాడు. ఆ పద్ధతిని యమహా కంపెనీ లైసెన్సు తీసుకుని, ఏళ్ల తరబడి పనిచేసి డీఎక్స్7లో పెట్టింది. ఒక తరంగం ఇంకో తరంగాన్ని ఊపడం. అలాంటి తరంగాలు ఒక్కో స్వరానికి ఆరు. వాటిని ఒకదానికొకటి తగిలించడానికి 32 అమరికలు. తిప్పే మీటలు పెద్దగా లేవు. బటన్లు, రెండు లైన్ల చిన్న తెర, అంతే. అందుకే ఆ రోజుల్లో చాలామంది కంపెనీ ఇచ్చిన శబ్దాలే వాడుకున్నారు. అందుకే అవే శబ్దాలు లోకమంతా మోగాయి.

మన సినిమాల్లోకీ ఈ సింథసైజర్లు ఆ కాలంలోనే జోరుగా వచ్చాయి. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్'కి సీక్వెన్సరూ సింథసైజర్లూ పెట్టి సంగీతం కట్టారు, తెలుగులో అది 'డాన్స్ మాస్టర్' అని వచ్చింది. తెలుగులో రాజ్-కోటి ఉన్నారు. ఒకరు టీవీ రాజు గారబ్బాయి, ఇంకొకరు సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. 'యముడికి మొగుడు', 'ఖైదీ నెం. 786' రెండూ 1988వే. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాళ్లలో ఒకరు దిలీప్. తర్వాత 1992లో 'రోజా'తో ఏఆర్ రెహమాన్ అయ్యారు. మణిశర్మ కూడా కీబోర్డు వాయిస్తూ వచ్చినవారే. వీళ్లు పైకొచ్చారు కాబట్టి వీళ్ల పేర్లు మనకు తెలుసు. రానివాళ్ల పేర్లు? మన ఇళ్లలో ఉన్న క్యాసెట్ల అట్టల మీద సంగీతం, సాహిత్యం, గానం వరకే ఉండేవి. కీబోర్డు ఎవరు వాయించారో రాసిన అట్ట మాకైతే ఒక్కటీ గుర్తు లేదు.

ఇప్పుడు కోవెంట్రీ సంగతి.

మాలో డెలివరీ చేసే నల్గొండ తమ్ముడు ఈ గొడవైన వారంలోనే కౌండన్ వైపు ఒక ఆర్డరిచ్చి వస్తూ, సీడర్స్ అవెన్యూలో ఒక మామూలు ఇంటి గోడ మీద నీలం రంగు గుండ్రటి పలక చూశాడు. ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. డీలియా డెర్బీషైర్, ఎలక్ట్రానిక్ సంగీతం అని ఉంది. మనం రోజూ పార్సిళ్లు పట్టుకుని తిరిగే వీధిలో! ఆ రాత్రి కూర్చుని ఆమె గురించి దొరికిందల్లా చదివాం.

1937లో కోవెంట్రీలోనే పుట్టింది. నాన్న రేకుల పని చేసే కార్మికుడు. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు ఈ ఊరిని తగలబెట్టాయి. ఐదు వందల మందికి పైగా చనిపోయారు. సిటీ సెంటర్లో మనం ఫొటోలు దిగే పైకప్పు లేని చర్చి ఆ రాత్రి కాలిందే. అప్పటికి ఆ పిల్లకు మూడేళ్లు. వింత శబ్దాల మీద తన ఇష్టం విమానాలు వస్తున్నాయని మోగే సైరన్ల నుంచే వచ్చిందని పెద్దయ్యాక చెప్పింది. తర్వాత పిల్లను ప్రెస్టన్ పంపించారు. అక్కడ తెల్లారుజామున మిల్లు కార్మికులు చెక్క అడుగుల చెప్పులేసుకుని రాళ్ల వీధిలో నడిచిపోయే టకటకలు కూడా ఆమె చెవుల్లో ఉండిపోయాయట. షిఫ్టుకు పోయేవాళ్ల అడుగుల చప్పుడు, చూడండి. ఉదయం ఐదున్నరకు మన సేఫ్టీ షూస్ చప్పుడు కూడా ఏ ఇంట్లోనో ఏ పిల్లో వింటూ ఉండొచ్చు.

చదువులో దిట్ట. కేంబ్రిడ్జిలో లెక్కలూ సంగీతమూ చదివింది. 1959లో డెక్కా రికార్డుల కంపెనీకి ఉద్యోగం కోసం పోతే, స్టూడియోలో ఆడవాళ్లను పెట్టుకోం అన్నారు. తర్వాత బీబీసీలో చేరి, 1962లో అక్కడి రేడియోఫోనిక్ వర్క్‌షాపుకు వెళ్లింది. 1963లో 'డాక్టర్ హూ' అని ఒక టీవీ సీరియల్ మొదలైంది, ఇప్పటికీ వస్తోంది. దాని బాణీ రాన్ గ్రైనర్ కాగితం మీద రాసిచ్చాడు. దాన్ని శబ్దంగా మార్చింది ఈమె.

ఎలా చేసిందో వినండి, ఇక్కడే మా కళ్లు తెరుచుకున్నాయి. ఆమె ముందు డీఎక్స్7 లేదు. సింథసైజర్ అన్నదే లేదు. పరికరాలు పరీక్షించడానికి వాడే ఆసిలేటర్లు ఉన్నాయి. లాగి వదిలిన ఒక తీగ శబ్దం ఉంది. టేపు, బ్లేడు, అతికించే పట్టీ ఉన్నాయి. ఒక్కో స్వరాన్ని విడిగా రికార్డు చేసి, టేపు వేగం మార్చి కావలసిన శ్రుతికి తెచ్చి, ఎంతసేపు మోగాలో అంత పొడవు ముక్క కోసి, ముక్కకు ముక్క అతికించింది. అన్నీ కలిపి ఒకే టేపు మీద ఎక్కించే మిషన్ కూడా లేదు. రెండు మూడు టేపు మిషన్లు ఒకేసారి చేత్తో ఆన్ చేసి, కలిసేదాకా మళ్లీ మళ్లీ చేశారు. ఇంకో పనికి ఒక లోహపు లాంపు గొడుగును కొట్టి, ఆ దెబ్బ తీసేసి, వెనక మిగిలిన మోత మాత్రం వాడుకుంది.

తర్వాత 1970 ప్రాంతంలో ఆ వర్క్‌షాపుకు గదంత సింథసైజర్ వచ్చింది. 1972లో దాని మీద అదే బాణీని మళ్లీ చేశారు, ఆమె కూడా చెయ్యి వేసింది. అది ఎవరికీ నచ్చక పక్కన పెట్టేశారు. బ్లేడుతో కోసిందే నిలబడింది.

ఇంత చేసినా, ఆ సీరియల్లో ఆమె పేరు పడలేదు. వర్క్‌షాపు పేరే వేసేవాళ్లు. బాణీ రాసినాయనే తనకొచ్చే డబ్బులో సగం ఆమెకివ్వాలని చూశాడు, బీబీసీ నిబంధనలు ఒప్పుకోలేదు. 1973లో ఉద్యోగం వదిలేసింది. కొన్నాళ్లు గ్యాస్ పైపులైను పనిలో రేడియో ఆపరేటరుగా చేసింది. అవును, లెక్కలు, సంగీతం చదివినామె పైపులైను పనిలో. ఎంటెక్ చేసి ప్యాలెట్లు లాగుతున్న మనకు ఇది కొత్తగా ఏం చెప్పాలి? 2001లో చనిపోయాక అటకమీద 267 టేపులు దొరికాయి. ఆ సీరియల్ తెర మీద ఆమె పేరు పడింది 2013లో, యాభై ఏళ్ల పండగకు. కౌండన్ ఇంటికి ఆ నీలం పలక పెట్టింది 2017లో.

ఇదంతా చదివాక మేము తెలుసుకున్నది రెండు ముక్కల్లో చెప్తాం.

మొదటిది, మేమన్న దాంట్లో ఒప్పు. పాత యంత్రం కొంటే సంగీతం రాదు. మా తమ్ముడికి కొన్న వారంలోనే తెలిసింది. ఆ పెట్టెలో దాచుకున్న శబ్దాల్ని ఒక చిన్న బ్యాటరీ కాపాడుతుంటుంది. అది చచ్చిపోతే శబ్దాలన్నీ పోతాయి. వీడు కొన్నదాంట్లో అది చచ్చి ఉంది. దాన్ని మార్చాలంటే పెట్టె విప్పి, పాతది ఊడబెరికి, కొత్తది సోల్డరింగ్ చెయ్యాలి. ఈ దేశంలో పాత సింథ్‌లు జమ చేసేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు గ్యారేజీ ఉంది, శనివారాలున్నాయి, అప్పు మీద వడ్డీ లేదు. ఒకప్పుడు ఈ యంత్రాలు చవగ్గా దొరికినప్పుడే అసలు సంగీతం పుట్టింది. రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న బేస్ పెట్టె అమ్ముడుపోక ఆపేసింది. పాతసామాన్ల కొట్లలో చవకైపోయింది. అప్పుడు చికాగో కుర్రాళ్లు దాన్ని తెచ్చి, దాని మీటలు కంపెనీ అనుకోని విధంగా తిప్పి, 1987కల్లా ఒక కొత్త సంగీతమే పుట్టించారు. ముంబై స్టూడియోల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ అంతకు ముందే, 1982లో, అవే పెట్టెలతో పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడెవరూ కొనలేదు. 2010లో మళ్లీ వేస్తే లోకం ఆశ్చర్యపోయింది. ఇప్పుడు అవే పాత పెట్టెలు వేల పౌండ్లు. చవక కాబట్టి మనలాంటోళ్ల చేతికొచ్చిన వస్తువు, ఇప్పుడు ఖరీదై అద్దాల వెనక్కి పోయింది. ఆ ఖరీదు వెంట మనం పరిగెత్తకూడదు. క్రెడిట్ కార్డు గీకి అసలు కొనకూడదు. ఇది మా గట్టి మాట.

రెండోది, మేమన్న దాంట్లో తప్పు. "పని చెయ్యడానికి వచ్చావా, పాటలు కట్టడానికా" అన్నాం చూడండి, ఆ మాట మాది కాదు. మేనేజరు మాట. ఆ నోటితో మేమెందుకు మాట్లాడాం? వారానికి యాభై, అరవై గంటలు ఒళ్లు అమ్ముకుంటున్నాం. మిగిలిన టైంలో రీల్స్ చూస్తూ నిద్రపోతే ఎవరూ ఏమీ అనరు. అదే టైంలో ఒకడు ఒక శబ్దం నేర్చుకుంటానంటే మాత్రం, బాధ్యత లేదంటాం. ఊళ్లో ఉన్నప్పుడు మనలో ఒకడు డప్పు కొట్టేవాడు, ఒకడు భజనలో తాళం వేసేవాడు, ఒకడు క్రికెట్ కామెంటరీ చెప్పేవాడు. ఇక్కడికొచ్చాక అందరం ఒకటే అయిపోయాం, చేతులు. ఇంటికి డబ్బు పంపడం బాధ్యతే, కాదనం. దాని కోసం మనిషే ఖాళీ అయిపోతే, అప్పు తీరిన రోజున ఇంటికి పోయేది ఎవరు?

కాబట్టి మా సలహా ఇది. కీబోర్డు వాయించాలనీ, శబ్దాలు చెయ్యాలనీ లోపల ఉన్నవాళ్లు వినండి.

కొనకముందు నేర్చుకోండి. డెక్స్‌డ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డీఎక్స్7 చేసే లెక్కే పాత లాప్‌టాపులో చేస్తుంది, ఆ యంత్రం కోసం చేసిన శబ్దాల ఫైళ్లూ చదువుతుంది. ఐఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్, ఆండ్రాయిడ్ అయితే బ్యాండ్‌ల్యాబ్. పైసా ఖర్చు లేదు.

ఒక్క శబ్దంతో మొదలెట్టండి. ఒక తరంగం తీసుకుని, ఇంకోదానితో ఊపి, ఏమవుతుందో వినండి. మొదటి నెలంతా అదే చేసినా చాలు. పాట తర్వాత కట్టుకోవచ్చు.

చుట్టూ ఉన్నవి వినండి. ప్యాలెట్ ట్రక్కు చక్రం, స్కానర్ బీప్, కేర్ హోమ్‌లో రాత్రి మోగే కాల్ బెల్. పనిచేసే చోట ఫోను తీసి రికార్డు చెయ్యకండి, ఉద్యోగానికే ఎసరు. చెవిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.

వారానికి ఒక గంట పక్కన పెట్టండి. ఓవర్‌టైం వచ్చినా సరే, ఆ గంట ఇవ్వకండి. ఇది కష్టం, మాకూ తెలుసు. ఐదు వారాల్లో రెండు వారాలు మేమే తప్పాం.

వస్తువే కావాలంటే, ఒక్కడే మోయకుండా కలిసి కొనండి.

మేము చివరికి చేసింది అదే. ఒక ఆదివారం నలుగురం కూర్చుని, మనిషికి 90 పౌండ్లు వేసుకుని 360 తమ్ముడి చేతిలో పెట్టాం. వాడి 90 కూడా కలిపితే ఆ కీబోర్డు ఇప్పుడు ఇంటి ఉమ్మడి ఆస్తి. ఆ 360 అదే సాయంత్రం వాళ్ల నాన్నకు పోయింది. "సారీరా" అని ఎవరూ అనలేదు. ఖమ్మం అన్న మాత్రం "బ్యాటరీ నేను మారుస్తా, ఊళ్లో టీవీలు బాగుచేసేవాణ్ని" అన్నాడు. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆయన టీవీ మెకానిక్ అని అప్పుడే తెలిసింది మాకు.

ఇప్పుడు కొత్త బ్యాటరీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పెట్టి, వంతులవారీగా హెడ్‌ఫోన్సు పెట్టుకుంటున్నాం. తమ్ముడు మొన్న నలభై సెకన్ల ముక్క ఒకటి చేశాడు. మా కుక్కర్ విజిల్‌ని ఫోన్లో రికార్డు చేసి, వేగం తగ్గించి, దాని కింద స్కానర్ బీప్ లాంటి శబ్దమొకటి డీఎక్స్7లో కట్టి పెట్టాడు. గొప్పగా ఉందా అంటే, లేదు. మూడో విజిల్ దగ్గర తాళం తప్పింది. అయినా ఆరుసార్లు విన్నాం. ఫైలు పేరు పెట్టేటప్పుడు ఐదుగురి పేర్లూ రాశాడు. పప్పు పెట్టినవాడి పేరుతో సహా.

చివరగా మీకొక పని. మీ ఊరి ఆర్కెస్ట్రాలో, చర్చిలో, భజన బృందంలో కీబోర్డో, ప్యాడ్లో, హార్మోనియమో వాయించినాయన ఒకరుండే ఉంటారు. ఈ రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆయన గురించి అడగండి, ఉన్నాడో లేడో కనుక్కోండి. ఉంటే ఆయనకు కూడా ఒక ఫోన్ కొట్టి, ఆ రోజు వాయించింది మీరే కదా, మాకింకా గుర్తుందని చెప్పండి. మేం నిన్న చేశాం. అవతల పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏ పాట బాబూ?" అని అడిగాడు.

ఉంటాం. రాత్రి మళ్లీ షిఫ్టుంది.